తొమ్మిదో స్టేషన్‌కు సాక్షి

రోహిణి కార్తె, మొదటి వారం

కంటి ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను. కుడికంటిలో పొర ముదిరిందని నాకు ముందే తెలుసు. కాఫీలో తేలుతున్నది చీమో పొడో తేల్చుకోలేక కొన్నాళ్ళుగా రెండూ తాగేస్తున్నాను. కౌంటరు దగ్గర మనిషి లేడు, గొంతు మాత్రం ఉంది. మర్యాదస్తురాలి గొంతు. చెవిలో పూస చూపించమంది, మన బతుకంతా నమోదయ్యేది అందులోనే కదా. జుట్టు పక్కకు తీసి చూపించాను.

"ఉరుకుందమ్మగారూ, మీ పూసలో పదకొండేళ్ళు ఖాళీగా ఉన్నాయి."

"పైన ఉన్నాను తల్లీ. మబ్బు స్టేషన్లో. అక్కడ పూసలు పనిచెయ్యవు, మెరుపులకు మాడిపోతాయి."

"మీరు ఎక్కినట్టు ఉంది. దిగినట్టు ఉంది. మధ్యలో మీరు లేరు."

"మధ్యలో లేకపోతే మరి దిగిందెవరు?"

దానికి నవ్వు రాదు. ఆ పదకొండేళ్ళలో కంటికి దెబ్బ తగిలిందో, ఏ మందు వేసుకున్నానో తెలియకుండా కోత పెట్టకూడదట. నేను చెబుతాను కదా అంటే, ఎవరి గురించి వాళ్ళు చెప్పుకున్నది చెల్లదట. పైన ఉన్నట్టు ఆధారం తెమ్మంది. గ్రంథసౌధంలో చేరిన పుస్తకమైతే చాలునంది.

పుస్తకం నా దగ్గర ఉంది. దిగినప్పటి నుంచీ అదే పని. ఉదయం నీళ్ళు పట్టుకోవడం, మధ్యాహ్నం రాయడం. పేరు 'పైన ఒక్కదాన్నే'. కావలసిందల్లా దాన్ని గ్రంథసౌధంలో చేర్చే ఒక ఏజెంటు. అది కూడా ఈ హస్త కార్తె ముగిసేలోపే కావాలి. అక్కడ మబ్బు స్టేషన్ల పుస్తకాల అర ఆ కార్తెతో మూసేస్తున్నారు. ఆ తర్వాత పూసలో ఉన్నదే జీవితం, లేనిది లేదు. నాకు కన్ను ఒక్కటే కాదు, ఆ పదకొండేళ్ళు కూడా పోతాయి.

మృగశిర కార్తె, రెండో వారం

ఈ రోజు వాన చెప్పిన వేళకే పడింది. ఇప్పుడు పైన మనుషులు లేరు, యంత్రాలే మబ్బుల్ని పిండుతున్నాయి. డ్రమ్ములు మూతలు తీసి పెట్టాను, నిండగానే మూసేశాను. మా కాలంలో వాన పది నిమిషాలు అటూ ఇటూ అయ్యేది. ఆ పది నిమిషాల్లో కింద ఎంతమంది మమ్మల్ని తిట్టుకునేవారో.

ఏజెంట్ల నుంచి జవాబులు వస్తున్నాయి. ఒకరన్నారు: "మీ జీవితం మాకు నచ్చింది, కానీ ప్రస్తుతం మా అభిరుచికి సరిపడదు." ఇంకొకరన్నారు: "పైవాళ్ళ జీవితాలు ఇప్పటికే రెండు తీసుకున్నాం." మూడో ఆయన యంత్రం నన్ను ప్రశ్నలు అడిగింది. పైన ఎవరినైనా ప్రేమించారా? లేదు. కనీసం కింద ఎవరినైనా వదిలి వెళ్ళారా? అమ్మను. అమ్మ కాకుండా? ఎవరూ లేరు. "ధన్యవాదాలు, మీ వివరాలు భద్రపరుస్తాం" అని పెట్టేసింది. నా బతుకును వాళ్ళ అభిరుచికి సరిపడేలా బతకలేదని నాకు ముందు తెలియలేదు.

వాళ్ళ పని తేలిక కాదు, ఒప్పుకుంటాను. ఎవరి పూసనైనా యంత్రంలో పెడితే ఇడ్లీ ఉడికేలోగా పుస్తకం వచ్చేస్తుంది. అలాంటి పుస్తకాలు గుట్టలు పడ్డాకే గ్రంథసౌధం తలుపు బిగించుకుంది. ఇప్పుడు ఏజెంటు పుస్తకం మొత్తాన్ని, రాసినవాళ్ళు వింటుండగా, సొంత నోటితో చదవాలి. కళ్ళతో చదివితే లెక్కలోకి రాదు. చదివాక ఆ కాలం తెలిసిన మనిషి ఒకరు ముందుకొచ్చి, "ఈ మనిషి నాకు తెలుసు, ఇందులో ఉన్నట్టే జరిగింది" అని సాక్ష్యం చెప్పాలి. అబద్ధమైతే చెవిలో పూస చురుక్కుమంటుంది. అంతా నోటితో చదవాలి కాబట్టే ఏజెంట్లు ఏడాదికి మూడు నాలుగు పుస్తకాలకు మించి తీసుకోరు. గొంతు పోతుంది కదా.

ఆరుద్ర కార్తె, మొదటి వారం

నంద్యాల వెళ్ళి వాసుదేవమూర్తిగారిని కలిశాను. ఏజెంట్లలో పెద్దాయన. యంత్రంతో కాకుండా తానే మాట్లాడతాడని విని, బస్సులో రెండు గంటలు నిలబడి వెళ్ళాను. బల్లమీద మిరియాల కషాయం ఫ్లాస్కు, పక్కన నిమ్మ బిళ్ళల సీసా. ఆయాసం మనిషి.

నా పుస్తకం మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాడు. మూడో వాక్యం మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"అమ్మా, మీ వాక్యం నా ఊపిరికి సరిపోవడం లేదు. ఇది చూడండి, వల దులపడం మొదలుపెట్టి, తాడు బిగించి, బుట్ట పైకి లాగి, అందులో బియ్యం తీసి... ఎక్కడ ఆగమంటారు నన్ను?"

"పైన పని ఆగేది కాదండీ."

"పని ఆగకపోయినా చదివేవాడు ఆగాలి కదా."

ఒక వాక్యం మాత్రం ఆయనకు నచ్చింది. 'పైన ఉన్న పదకొండేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఏడవలేదు.' దాన్ని రెండుసార్లు చదివాడు. బలమైన వాక్యం అన్నాడు, ఊపిరికి కూడా సరిపోయింది అన్నాడు. నాకు ఆశ పుట్టింది. మిగతావన్నీ చిన్న వాక్యాలుగా విరిచేస్తానని చెప్పాను.

అప్పుడడిగాడు, "సాక్షి ఎవరు?"

"సాక్షి లేరండీ. ఒక్కదాన్నే కదా ఉన్నది."

"బియ్యం ఎవరు పంపేవారు?"

"కింద యంత్రం బుట్టలో కట్టేది."

"జబ్బు చేస్తే?"

"చెయ్యలేదు."

ఆయన పుస్తకం మూసి నా వైపు జరిపాడు. "ఒంటరితనం గురించి రాశారు, బాగుంది. కానీ మీరు ఒంటరిగా ఉన్నారని చెప్పడానికి పక్కన ఒకరు ఉండాలి."

ఆ మాట అని ఆయనే నొచ్చుకున్నట్టున్నాడు. లేచి వస్తుంటే ఒక నిమ్మ బిళ్ళ ఇచ్చాడు. బస్సులో దాన్ని కసిగా నమిలేశాను.

పునర్వసు కార్తె, మొదటి వారం

పక్కగది సుంకన్నకు విషయం తెలిసింది. ఈ దిగువపేటలో ఉన్నదంతా స్టేషన్ల నుంచి దిగినవాళ్ళమే. సుంకన్నది మూడో స్టేషన్, నాకంటే చాలా ముందే దిగాడు. మిరపకాయ బజ్జీలు వేస్తుంటే వాసన పట్టి వచ్చి గడపలో కూర్చున్నాడు.

"ఏందక్కా, మొగం అట్ల పెట్టినావు?"

చెప్పాను.

"ఓస్, అంతేనా? నేను చెప్తా సాక్షం. ఏముండాది దాంట్లో? నువ్వు పైన ఉండావు, నేను సూసినా. అయిపాయ."

"యాడ సూసినావు నువ్వు? నేను ఎక్కేటప్పటికి నువ్వు కింద బజ్జీలు తింటాండావు."

"తింటా తింటా పైకి సూసినా అనుకో."

సరే, చెప్పి చూడమన్నాను. సుంకన్న లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "ఈ మనిషి నాకు తెలుసు" అన్నాడు. ఏమీ కాలేదు, అది నిజమే. "ఇందులో ఉన్నట్టే..." అన్నాడు. అంతే, "అబ్బ" అని చెవి పట్టుకుని కూలబడ్డాడు. చెవి తమ్మె ఎర్రగా కమిలిపోయింది. కొబ్బరి నూనె రాశాను. ఇంకోసారి ప్రయత్నిస్తానన్నాడు, పాపం. వద్దన్నాను. నా కోసం చెవి కాల్చుకోవడానికి ఒక మనిషి సిద్ధపడ్డాడు కదా అని కాసేపు బాగుంది. కాసేపే. ఆయన వెళ్ళిపోయాక గదిలో నూనె మరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు, స్టవ్ ఆపితే అదీ పోయింది.

ఆశ్లేష కార్తె

మిగిలిన ఏజెంట్ల నుంచి జవాబులు లేవు. లేదు అనైనా అనరు. పొద్దున్నే పూస మీద వేలు పెట్టి కబుర్లేమైనా ఉన్నాయా అని అడుగుతాను. "లేవు" అంటుంది. మధ్యాహ్నం అడుగుతాను. సాయంత్రం మాత్రం అడగను, డాబా ఎక్కుతాను. ఆ వేళకు కాళ్ళు వాటంతటవే మెట్లవైపు వెళతాయి. పైన నిలబడి గాలి ఎటు వీస్తోందో చూస్తాను, తేమ ఎంతుందో చర్మం మీద తెలిసిపోతుంది. తెలిసి ఏం చెయ్యాలి? దిగి వచ్చి అన్నం వండుకుంటాను.

ఒక మాట నిజం రాసుకుంటాను, దీన్ని ఎవరూ చదవరు కాబట్టి. పైన ఉన్నప్పుడు నాకు ఇంత ఒంటరిగా లేదు. అక్కడ ఎవరూ లేకపోవడం పనిలో భాగం. ఇక్కడ ఇంతమంది ఉన్నారు, వాళ్ళలో ఒక్కరికీ నా పదకొండేళ్ళు అక్కర్లేదు.

మఖ కార్తె, రెండో వారం

ఒక ఏజెంటు తానే పిలిచింది. పేరు రుక్సానా. కర్నూలులో ఉంటుందట. వయసు తక్కువే అనుకుంటాను, గొంతులో తొందర ఉంది.

"ఉరుకుందమ్మగారూ, మీ పుస్తకం మొత్తం చదివానండీ. బయటికే చదివాను, నాకు నేనే. వాక్యాలు పొడుగే కానీ నాకు ఊపిరి ఉంది."

మొత్తం చదివిన మనిషి ఈవిడ ఒక్కతే.

"మూడో అధ్యాయంలో ఒక చోట రాశారు. 'సాయంత్రం రీడింగు ఇచ్చి అన్నం వండుకునేదాన్ని' అని. రీడింగు ఎవరికి ఇచ్చేవారు?"

"ఎనిమిదికి."

"ఎనిమిది అంటే?"

"ఎనిమిదో స్టేషనమ్మా. నాది తొమ్మిది, అన్నిటికంటే చివరిది. నేను ఎనిమిదికి ఇస్తే, ఎనిమిది తనది కలిపి ఏడుకు ఇచ్చేది. అట్లా కిందిదాకా."

"ఎనిమిదిలో ఉన్నది యంత్రమా, మనిషా?"

"మనిషే. మెరుపులను యంత్రాలు తట్టుకునేవి కావు కదా అప్పట్లో. తాడు వెంట తీగ ఉండేది, దాంట్లో నోటితో చెప్పేవాళ్ళం."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"అంటే పదకొండేళ్ళు రోజూ ఒక మనిషితో మాట్లాడారు."

"మాట్లాడలేదు. రీడింగు ఇచ్చాను."

ఆ పిల్లకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. తేమ, గాలి, వేడి, తాడు బిగువు, నాలుగే అంకెలు. అవతలి నుంచి ఒకే మాట, 'అందింది'. అంతకు మించి ఒక్క మాట పడినా తప్పు. తీగ ఒకటే, మన కబుర్లతో దాన్ని పట్టుకుంటే కింది స్టేషన్లన్నీ ఆగిపోతాయి, ఏ ఉరుమో ముంచుకొస్తుంది. పేర్లు చెప్పుకోం. బాగున్నారా అనుకోం. ఆ నియమం మాకు భారం కాదు, గొప్ప. కింద మనుషుల్లా వాగకుండా పని చేస్తున్నామని ప్రతి స్టేషన్ వాళ్ళకూ ఒక పొగరు ఉండేది.

ఫోను పెట్టేశాక సుంకన్నను అడిగాను, నువ్వు రెండో స్టేషన్‌తో మాట్లాడేవాడివా అని.

"లేదే. రీడింగు ఇచ్చేటోన్ని."

"అది మాట్లాడినట్టు కాదా?"

"అది మాటెట్లయితాది అక్కా? అది డ్యూటీ."

చూశారా? నా ఒక్కదాని తిక్క కాదు.

పుబ్బ కార్తె, మొదటి వారం

రుక్సానా మళ్ళీ పిలిచింది. ఈసారి తొందర లేదు, నెమ్మదిగా ఒక్కొక్క మాటే చెప్పింది. ఎనిమిదో స్టేషన్లో ఉన్నాయన పేరు మద్దిలేటి. బతికే ఉన్నాడు. ఆత్మకూరు దగ్గర దిగినవాళ్ళ పేట ఇంకొకటి ఉంది, అక్కడ. మోకాళ్ళు పనిచెయ్యవు. ఆయన కూడా పుస్తకం రాశాడు. రెండేళ్ళుగా అది రుక్సానా బల్లమీదే ఉంది, సాక్షి దొరక్క.

"తొమ్మిదో స్టేషన్లో ఎవరు ఉండేవారో చెప్పమని ఎన్ని ఆఫీసులు తిరిగానో తెలుసా అండీ? అంకెలున్నాయి, పేర్లు లేవన్నారు. మీరేమో మీ స్టేషన్ నంబరు ఎక్కడా రాయలేదు, మూడో అధ్యాయంలో రీడింగు మాట ఒక్కటి తప్ప. అక్కడిదాకా ఎవరు చదివి ఏడుస్తారు?"

"నువ్వు చదివినావు కదమ్మా."

"చదివి నిజంగానే ఏడిచాను" అని నవ్వింది.

మద్దిలేటి పుస్తకం పంపింది. చూపు ఆనక, పూసలో పెట్టుకుని విన్నాను. నాకు నచ్చింది. నచ్చకూడదని గట్టిగా అనుకుని మొదలుపెట్టాను, అయినా నచ్చింది. ఆయన స్టేషన్ గురించి రాస్తూ గద్దలకు పేర్లు పెట్టాడు. తాడు మీద కూర్చునే గద్ద ఒకదాన్ని 'సూపర్‌వైజరు' అన్నాడు. ఆ పక్షి నా తాడు మీద కూడా కూర్చునేది, నేను దాన్ని తోలేసేదాన్ని.

నేను ఆ పుస్తకంలో నాలుగు చోట్ల ఉన్నాను.

మొదటిది, నేను ఎక్కిన వారం. 'తొమ్మిదికి కొత్త మనిషి. ఆడమనిషి. అంకెలు ఎవరో తరుముతున్నట్టు చెబుతుంది.' రెండోది, పెనుగాలి వచ్చిన రోజు. నా రీడింగు రాలేదని చీకటి పడేదాకా తీగ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడట. తాను ఆలస్యం చేసినందుకు ఏడో స్టేషన్ వాళ్ళు మాట పడ్డారట. నాకు ఇప్పటిదాకా తెలియదు. నాలుగోది, ఆయన దిగిపోయిన రోజు. 'తొమ్మిదికి చెప్పి రావాలనిపించింది. నియమం లేదు. అందింది అని మాత్రం కొంచెం మెల్లగా అన్నాను.' ఆ మర్నాడు తీగలో వేరే గొంతు 'అందింది' అంది. ఆ సాయంత్రం నాకు వంట చెయ్యబుద్ధి కాలేదు, అటుకులు తిని పడుకున్నాను. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

మూడోది ఉన్నదున్నట్టు రాసుకుంటాను. 'ఈ రోజు తొమ్మిది గొంతు బొంగురు పోయింది. జలుబు చేసినట్టుంది. పైన ఒక్కతే, మిరియాలున్నాయో లేదో. అందింది అని రెండుసార్లు అన్నాను. రెండోసారి అనడం నియమం కాదు.'

అక్కడ ఆపేశాను. ఆ రెండో 'అందింది' నాకు గుర్తుంది. తీగలో ప్రతిధ్వని అనుకున్నాను.

ఉత్తర కార్తె

మద్దిలేటితో మాట్లాడాను. రుక్సానా తీగ కలిపి తాను తప్పుకుంది. ఇద్దరం చాలాసేపు ఏమీ అనలేదు. అలవాటు లేని పని కదా. చివరికి ఆయనే అన్నాడు.

"తొమ్మిదేనా?"

"తొమ్మిదే."

"అదే గొంతు. ఇప్పుడు మెల్లగ మాట్లాడతాండావు, అంతే. బాగుండావామ్మా?"

"బాగుండాను అన్నా."

"నీకు ఆ జలుబు తగ్గిందా?"

ఎన్నేళ్ళయింది! ఆ మనిషి దాన్ని అక్కడే పట్టుకుని ఉన్నాడు. "తగ్గిపోయింది" అన్నాను. చెవిలో పూస చురుక్కుమంది. పళ్ళు బిగబట్టాను.

ఆయన తన మోకాళ్ళ గురించి, నేను నా కంటి గురించి చెప్పుకున్నాం. తర్వాత రుక్సానా మళ్ళీ లైనులోకి వచ్చి అసలు చిక్కు చెప్పింది. ఎదురెదురు సాక్ష్యం చెల్లదు. నువ్వు నాకు, నేను నీకు అంటే గ్రంథసౌధం ఒప్పుకోదు. ఇద్దరిలో ఒకరి పుస్తకమే వెళుతుంది. హస్త కార్తె ముగిసేదాకానే గడువు.

"దాండ్ల ఆలోచించేదేముండాది?" అన్నాడు మద్దిలేటి. "అమ్మకు కన్ను కావల్ల. నాకేముండాది, మోకాళ్ళు పుస్తకంతో వచ్చేవి కాదు. నేనే సాక్షం చెప్తా ఆమెకు."

నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. రేపు చెబుతానన్నాను.

ఉత్తర కార్తె, ఆ మర్నాడు

పొద్దున్నుంచీ నా పుస్తకాన్ని నేనే బయటికి చదువుకున్నాను, ఏజెంటు చదివినట్టు. చెవిలో పూస ఉండగా ఎప్పుడూ నోటితో చదవలేదు. మొదటి పేజీలోనే చెవి కాలింది, వాసుదేవమూర్తిగారికి నచ్చిన వాక్యం దగ్గర. రెండో పేజీలో 'మనిషి గొంతు వినక పదకొండేళ్ళు' దగ్గర మళ్ళీ కాలింది. రాసేటప్పుడు ఈ రెండోదాన్ని నిజమనే రాశాను. రీడింగు మాట కాదని నమ్మాను, కాబట్టి గొంతు కూడా గొంతు కాదనుకున్నాను.

పాపం మద్దిలేటి వచ్చి 'ఇందులో ఉన్నట్టే జరిగింది' అనాలి. ఆయన వచ్చి నిలబడితేనే నా పుస్తకం అబద్ధమవుతుంది. ఒక్కదాన్నే అని రాసుకున్న మనిషికి, కాదు నేనున్నాను అంటూ సాక్షి వస్తే ఇంకేం మిగులుతుంది? తిరగరాద్దామంటే వ్యవధి లేదు. నాలుగేళ్ళ పని. పుస్తకాన్ని మంచం కిందకి తోసేశాను, కాసేపటికి మళ్ళీ తీసి దుమ్ము తుడిచాను.

మధ్యాహ్నం రుక్సానాను పిలిచాను. "అమ్మాయ్, నేనే సాక్ష్యం చెబుతాను. ఆయన పుస్తకం చదువు" అన్నాను.

"మరి మీ కన్ను?"

"ఇంకోటి ఉంది కదా."

మద్దిలేటి ఒప్పుకోలేదు. గట్టిగా అరిచాడు కూడా. తీగలో ఇంత గట్టిగా ఎవరూ అరవకూడదన్నా అన్నాను. ఆ మాటకు ఆగిపోయాడు.

హస్త కార్తె, చివరి వారం

రుక్సానా ఆయన పుస్తకాన్ని మూడు సాయంత్రాలు చదివింది. ఆయన ఆత్మకూరులో, నేను నా గదిలో, మధ్యలో ఆ పిల్ల గొంతు. సుంకన్న గడపలో కూర్చుని విన్నాడు, గద్ద వచ్చిన చోటల్లా పగలబడి నవ్వాడు. ఇంత మంచి చదువు నేను వినలేదు. నా పుస్తకాన్ని ఆమె ఇలాగే చదివి ఉండేది కదా అనిపించింది. అసూయ పడ్డాను, దాచుకోను.

మూడో సాయంత్రం ఆ చోటు వచ్చింది. 'ఈ రోజు తొమ్మిది గొంతు బొంగురు పోయింది. జలుబు చేసినట్టుంది.' రుక్సానా చదువుకుంటూ వెళ్ళిపోయింది.

పుస్తకం అయిపోయింది. సాక్షి చెప్పాలి అంది రుక్సానా. గ్రంథసౌధం వాళ్ళు తీగలో వింటున్నారు.

"ఈ మనిషి నాకు తెలుసు" అన్నాను. అది తేలికే. "ఇందులో ఉన్నట్టే జరిగింది" అనబోయాను. అనలేకపోయాను. చెవి కాలుతుందని కాదు. కాలితే కాలనీ అని ముందే కొబ్బరి నూనె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కానీ ఆ మనిషి ఇన్నేళ్ళు జలుబు గురించి బెంగపెట్టుకున్నాడు. ఆయనకు నిజం చెప్పకుండా ఇంకెవరికి చెబుతాను?

"ఒక్కచోట తప్ప అంతా ఉన్నట్టే జరిగింది" అన్నాను. "అది జలుబు కాదు."

పూస మీద వేలు పెట్టి చెప్పుకుపోయాను.

"ఆ రోజు బుట్టలో బియ్యంతో పాటు కబురు వచ్చింది అన్నా. మా అమ్మ పోయిందని. మూడు వారాల ముందు పోయింది, బుట్ట మూడు వారాలకొకసారే కదా వచ్చేది. దిగడానికి లేదు, నా చోటుకు మనిషి లేడు. పొద్దున్నుంచీ ఏడ్చాను. సాయంత్రం రీడింగు వేళకు ముఖం కడుక్కున్నాను, గొంతు మాత్రం సర్దుకోలేదు. నేను పైన ఏడిచినాను అన్నా. ఆ రోజే కాదు."

పూస చల్లగా ఉంది. గడపలో సుంకన్న తల దించుకున్నాడు. తీగలో చాలాసేపు గాలి హోరు ఒకటే వినిపించింది, అప్పట్లా.

"అందింది" అన్నాడు మద్దిలేటి. కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు, "అందింది."

చిత్త కార్తె, మొదటి వారం

అర మూసేశారు. మద్దిలేటి పుస్తకం లోపల ఉంది, నాది మంచం కింద ఉంది. మళ్ళీ రాయడం మొదలుపెట్టాను, తీసుకునే అర లేకపోయినా. పేరు ఇంకా పెట్టలేదు. సాయంత్రాలు రీడింగు వేళకు ఆత్మకూరు నుంచి ఫోను వస్తుంది. ఎక్కువ మాట్లాడుకోం, ఇద్దరికీ రాదు.

ఈ రోజు రుక్సానా పోరు పడలేక కంటి ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళాను. ఏమీ జరగదని తెలిసే వెళ్ళాను. అదే కౌంటరు, అదే మర్యాద గొంతు.

"ఉరుకుందమ్మగారూ, మీ పూసలో పదకొండేళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆధారం తెచ్చారా?"

"నా పుస్తకం లేదు తల్లీ. ఎనిమిదో స్టేషన్ మద్దిలేటిగారి పుస్తకంలో నేను ఉన్నాను. వెతికి చూడు."

వెతికింది. సాక్షి ఏదైనా సరిచేస్తే ఆ పేజీ అడుగునే చేరుస్తారట, నాకు తెలియదు.

"తొమ్మిదో స్టేషన్ గురించి నాలుగు చోట్ల ఉంది. మూడు చోట్ల పేరు లేదు. ఒక చోట పేజీ అడుగున సాక్షి మాట, సాక్షి పేరు ఉన్నాయి. చదవమంటారా?"

"చదువు."

"'జలుబు కాదు. మా అమ్మ పోయిందని ఏడ్చాను. ఆ రోజే కాదు.' ఇది మీరేనా?"

నా వెనక వరసలో మనుషులున్నారు. అందరికీ వినబడి ఉంటుంది.

"నేనే" అన్నాను.

"ఆ కాలంలో మీరు ఉన్నట్టు నమోదైంది. ఇక మీ మాట చెల్లుతుంది. కంట్లో ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

లేదని చెప్పాను. పక్కనున్న కుర్చీలో కూర్చోమంది.